కొలతకు దొరకని మనిషి

మా సర్వేలో ఒక మనిషికి ఏటేటా కాస్త కాస్త ఒళ్లొస్తోంది. బీపీ కూడా కొద్దికొద్దిగా పైకి పోతోంది. నడివయసుకు వస్తున్న మగవాళ్లకు ఎంత పెరగాలో అంతే పెరుగుతోంది, వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఒక్కటే. ఆ మనిషిని మావాళ్లెవరూ కళ్లతో చూడలేదు.

ఈ ముక్క నాకు హైదరాబాదు నుంచి ఫోన్లో చెప్పినాయన మా లెక్కల సారు. మాది ఏళ్ల తరబడి సాగే ఆరోగ్య సర్వే. శ్రీకాకుళం, విజయనగరం వైపు కొన్ని ఊళ్లు, ఆ ఊళ్లలో కొన్ని కుటుంబాలు. కొన్నేళ్లకోసారి అవే ఇళ్లకు వెళ్లి, అవే మనుషుల్ని తూచి, బీపీ చూసి, ఏం తింటున్నారో ఏం జబ్బులొచ్చాయో అడిగి టాబ్‌లో ఎక్కిస్తాం. నేను సూపర్‌వైజర్ని. పుట్టింది బొబ్బిలిలో, ఉంటున్నది అరసవల్లిలో ఒక అద్దె ఇంట్లో, బతుకు చాలావరకు బస్సుల్లో.

ఇలాంటి సర్వేకు పాత మనిషే ప్రాణం. కొత్తవాళ్లను ఎంతమందిని తెచ్చి చేర్చినా, మొదటినుంచీ ఉన్న ఒకడు జారిపోతే ఆ లోటు తీరదు. జారిపోయిన జవాబుల్ని ఆఫీసులో మిస్సింగ్ అంటారు. మిస్సింగ్ ఎక్కువైతే మాకు తిట్లు. ట్రైనింగులో సారు వాటి గురించి ఒక పూటంతా చెప్పారు. కొన్ని జవాబులు ఏ కారణమూ లేకుండా పోతాయట. టాబ్ వానలో తడిసింది, ఆ రోజు పని తుడిచిపెట్టుకుపోయింది, అలాంటివి. కొన్నిటికి కారణం పక్కనే కనబడుతుంది. వయసు కుర్రాళ్లు పనులకు పోతారు కాబట్టి ఇళ్ల దగ్గర దొరకరు, వాళ్ల వయసు మనకు తెలుసు కాబట్టి సర్దుకోవచ్చు. వీటికి కంప్యూటర్ చేత అంచనా కట్టించి ఖాళీలు నింపేస్తారు. ఇంకో రకం ఉంది, దాని దగ్గరకొచ్చేసరికి సారు గొంతు కూడా కాస్త తగ్గింది. మనిషి జవాబు చెప్పకపోవడానికి కారణం ఆ చెప్పని జవాబే. తాగేవాణ్ణి తాగుడు గురించి అడిగితే మాట దాటేస్తాడు చూడండి, అది. అక్కడ అంచనా కట్టి నింపితే అబద్ధం నింపినట్టే అన్నారు. నేను చెవుల్తో విన్నాను. అప్పుడు అంతకుమించి పట్టించుకోలేదు.

ఆ ఒళ్లొస్తున్న మనిషి సంగతి ఇదీ. ప్రతి విడతలోనూ అతను ఇంట్లో ఉన్నట్టే ఎక్కింది. కానీ బరువు లేదు, బీపీ లేదు. ఆ ఖాళీల్లో కంప్యూటర్ తన అంచనాలు పెట్టుకుంటూ పోయింది. ఇదెలా జరిగిందో మావాళ్లను ఒక్కొక్కళ్లనూ పిలిచి గట్టిగా అడిగితే తేలింది. మావాళ్లు గుమ్మంలో నిలబడి "మీ చిన్నబ్బాయి ఉన్నాడా?" అని అడిగారు. తల్లి "ఉన్నాడు" అంది. వీళ్లు అడిగింది ఇంట్లో ఉంటున్నాడా అని. ఆవిడ చెప్పింది బతికి ఉన్నాడని. మనకు రెంటికీ ఒకటే మాటాయె. తూచడానికి పిలవమంటే బయటకెళ్లాడంది. అందుబాటులో లేరు అని ఒక మీట నొక్కి మావాళ్లు పక్కింటికి పోయారు.

"మీరొకసారి వెళ్లండి మేడం. ఉంటే తూచండి, లేకపోతే తీసేద్దాం," అన్నారు సారు.

తీసేద్దాం అన్న మాటకు ఒళ్లు మండింది. పళ్లెంలో రాయి తీసినట్టు! కానీ వెళ్లాలి కదా, వెళ్లాను.

ఆ రోజు ఆదివారం. ఆదివారంనాడు అరసవల్లిలో ఆటో ఎక్కడమంటే సూర్యదేవుడి గుడికొచ్చిన జనంతో కుస్తీ పట్టడమే. ఆర్టీసీ కాంప్లెక్సుకు చేరి బస్సెక్కి, శ్రీముఖలింగం దాటాక ఇంకో ఆటో పట్టి, వంశధార పక్కనున్న ఆ ఊరికి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఊరి పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని సంగతులు అటూ ఇటూ మార్చాను కూడా. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఇంటి వసారాలో దర్భల మోపు ఉంది. పక్కన ఒక కొబ్బరికాయ, తెల్లగుడ్డ. ఏదో పూజ కాబోలనుకున్నాను. ఆ ఇంటి పెద్దకొడుకు కుర్చీ తెచ్చి వేశాడు. యాభైకి దగ్గర పడ్డ రైతు, మాట నెమ్మది. వచ్చిన పని చెప్పాను.

"మీరు మంచి టయానికొచ్చినారు మేడం. రేపే మా తమ్ముడికి దహనం ఎట్టుకున్నాం," అన్నాడు.

ఎప్పుడు పోయాడని అడిగాను.

"అదే తెల్దు మేడం. సెన్నైకి పనికెల్లినాడు. కూడా ఎల్లినోల్లందరూ వచ్చినారు, ఈడు రానేదు. పోలీసోలకి సెప్పినాం. నాను తిరగని సోటు నేదు. ఇన్నేళ్లయ్యింది, జాడ నేదు. పంతులుగారేమో ఇంక బొమ్మ సేసి కాల్సీమన్నారు."

అప్పుడు అర్థమైంది ఆ దర్భలెందుకో. శవం దొరకని మనిషికి గడ్డితో ఒళ్లు కట్టి, కొబ్బరికాయను తలగా పెట్టి, ఆ బొమ్మకు దహనం చేస్తారు. మనిషి లేని చోట మనిషంత గడ్డి. నాకు మా కంప్యూటర్ గుర్తుకొచ్చి అదోలా అనిపించింది.

"మరి ఇబ్బందేమిటి?" అన్నాను, ఆయన ఇంకా ఏదో నములుతున్నాడని తెలిసి.

"మా యమ్మ ఒప్పుకోడం నేదు మేడం. అమ్మ ఆ బొమ్మ మీద సెయ్యి ఎయ్యకపోతే నాను నిప్పెట్టలేను. అడిగితే మీ మాటే సెప్తాది. కితంసారి వొచ్చిన మీ అమ్మాయి ఆ పలకలాటి కంపూటర్లో మా తమ్ముడి పేరు, పక్కన పచ్చమచ్చా సూపించిందట. ఉన్నట్టు ఎక్కినాదమ్మా అందట. గవర్మెంటోలకి తెలీదేటి, నా కొడుకు ఉన్నాడు, అంటాది. ఊర్లో అందరికీ అదే సెప్తాది."

మేం గవర్నమెంటు కూడా కాదు. పైగా ఆవిడ ఉన్నాడంటేనే కదా మేం ఉన్నాడని ఎక్కించింది. ఆవిడ మాటే తిరిగి ఆవిడకు సాక్ష్యమైంది. ఇన్నేళ్లూ ఆ తల్లి మా పచ్చమచ్చ పట్టుకుని వేలాడుతోందన్నమాట. ఆ టాబ్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

"మా మరదలి సంగతి సూడండి," అన్నాడాయన గొంతు తగ్గించి. "అటూ కాదు, ఇటూ కాదు. ఎన్నాళ్లని ఆ గుమ్మంలో కూకుంటాది? పిల్లలా, నేరు. ఏదో ఒకటి తేలితే దాని బతుకేదో అది సూసుకుంటాది. మీరే ఎట్టినారు మేడం, మీరే తియ్యాల. అది మా తప్పు అని మా యమ్మతో ఒక్క మాట సెప్పండి."

ఇందులో ఆలోచించడానికేముంది? తప్పు మాదే. చెప్తానన్నాను. లోపల నుంచి చేట చప్పుడు వినిపిస్తోంది. తల్లి అక్కడే ఉందని, మా మాటలు ఆవిడకు వినిపిస్తున్నాయని అప్పుడు తట్టలేదు.

ముందు చిన్నకోడలి ప్రశ్నలు పూర్తి చేసుకుంటానన్నాను. ఆడవాళ్ల ప్రశ్నలు కొన్ని ఒంటరిగా అడగాలి. మాకది ఖచ్చితమైన నియమం. అయినా ఊళ్లలో ఎక్కడ కుదురుతుంది? అత్తగారు పక్కనే కూచుని కోడలి జవాబులన్నీ తనే చెప్పేస్తుంది. మొహమాటపడి మావాళ్లు ఊరుకుంటారు. నేను ఊరుకోను. ఆమెను పెరట్లోకి తీసుకుపోయి, గడ్డివాము పక్కన ఒక పీట ఆమెకేసి, ఇంకో పీట నేను లాక్కుని కూచున్నాను.

ముప్పై దాటిన మనిషి. కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుందట, చూపుడువేలు చివర సూది పోట్లు ఉన్నాయి. నుదుట ఎర్రగా, గుండ్రంగా బొట్టు. చేతుల నిండా గాజులు. రేపు ఇవన్నీ తీస్తారు కదా అనుకుంటూనే ప్రశ్నలు మొదలుపెట్టాను. జ్వరాలు, నీరసం, నెలసరి. అన్నిటికీ చటుక్కున చెప్పింది. తర్వాతి ప్రశ్న, అందరినీ అడిగేదే: మీ భర్త ఇప్పుడు మీతో ఉంటున్నారా?

ఆమె తల తిప్పి ఇంటివైపు చూసింది.

"ఇది ఎవులికీ సెప్పరా?" అంది.

"చెప్పమమ్మా." ప్రతి ఇంట్లోనూ ముందే అప్పజెప్పే మాటలు మళ్లీ అప్పజెప్పాను. మీరు చెప్పింది ఎవరికీ చెప్పం, ఇంట్లోవాళ్లకు కూడా.

"మా బావకి?"

"చెప్పం."

"మా అత్తకి?"

"చెప్పమని అంటున్నాను కదమ్మా."

"ఒట్టేనా?"

ఎన్నో ఏళ్లుగా ఆ మాటలు వల్లిస్తున్నాను గానీ ఒట్టు వెయ్యమని అడిగినవాళ్లు లేరు. ఒట్టే అన్నాను.

"ఉన్నాడమ్మా," అంది. "సెన్నైలోనే ఉన్నాడు. ఇంకోదాన్ని కట్టుకున్నాడు. బిడ్డ కూడాను. నాను మిసను నేర్చుకుంతన్నప్పుడు ఎవుల్దో ఫోన్లోంచి సేసినాడు, అంతే, మరి సెయ్యలేదు. నాను సచ్చిపోనాననుకో అన్నాడు. అనుకున్నాను."

ఇంటి ముందు దర్భలు ఎండుతున్నాయి. రేపు పొద్దున్నే బతికున్న మనిషిని కాల్చబోతున్నారు.

"మరి రేపు..." అన్నాను.

"కాల్సీనీ."

అంత చల్లగా అంది. తర్వాత ఆగకుండా మాట్లాడింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాటలు కాబోలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"మొగుడు కోసం ఎదురు సూత్తన్నాదని ఊరంతా నన్ను మెచ్చుకుంటన్నారమ్మా. నాను సూడ్డం నేదు. వదిలీసినాడని తెలిత్తే ఏటంటారు? నాలోనే ఏటో లోపముందంటారు. సచ్చిపోనాడంటే నా తప్పేటీ నేదు. ఇంక మా అత్త. కొడుకు పేరు సెప్పుకుని బతుకుతన్నాది. ఆడు ఇంకోదాంతో కాపురం సేసుకుంటా తల్లిని మర్సిపోనాడని తెలిత్తే ఆ ముసల్ది ఉంటాదేటి? రేపు కాల్సెత్తే నాకు తెరిపి, దానికీ తెరిపి. మీరు ఒట్టేసినారు."

వేశాను. వెయ్యకముందు తెలిస్తే ఏం చేసేదాన్నో తెలియదు. ఆమె భాగంలో ఆమె చెప్పిందే ఎక్కించి, టాబ్ మూసి లేచాను.

సిగ్నల్ కోసం రోడ్డు మీదకు వచ్చి సారుకు ఫోన్ చేశాను. ఎవరన్నారో చెప్పకుండా, కథ చెప్పకుండా, ఒకరి దగ్గర రహస్యంగా సమాచారం దొరికింది, దాన్ని ఆ చిన్నకొడుకు వివరాల్లో పెట్టొచ్చా అని మాత్రం అడిగాను.

"పెట్టకూడదు మేడం," అన్నారాయన వెంటనే. "అతని వివరాలు ఆ ఇంటి పెద్ద కూడా చూసి సరే అంటారు కదా. అక్కడ మారిస్తే ఎవరు చెప్పారో తెలిసిపోతుంది. మన లెక్కలో ఇంటి పెద్ద ఆ తల్లే, ఆవిడనే అడగండి. ఆవిడ నోటినుంచి వచ్చిందే రాయండి."

"ఆవిడ చెప్పకపోతే?"

"చెప్పకపోతే మనం నింపేస్తాం."

సారు మంచివాడే. కానీ ఆ నిమిషంలో ఆయన ఎదురుగా ఉంటే ఏదో ఒకటి అనేసేదాన్ని. వెనక్కి నడుస్తూ ఒక్కటే లెక్క వేసుకున్నాను. పొద్దున నేను ఒప్పుకున్న మాట, అది మా తప్పు అన్న మాట, పొద్దున నిజం. ఇప్పుడు అదే మాట అంటే, మీ కొడుకు లేడమ్మా అని ఆ తల్లికి నేను చెప్పినట్టు. అనకపోతే తల్లి ఒప్పుకోదు, రేపటి తంతు ఆగిపోతుంది, కోడలు మళ్లీ ఆ గుమ్మంలోనే. నిజం చెప్తే ఒట్టు తప్పినట్టు. పారిపోదామా అని కూడా అనిపించింది. బస్సు టైము కూడా చూసుకున్నాను.

తల్లి వసారాలో కూచుని చేటలో మినుములు ఏరుతోంది. ఎండిన కొమ్మలా సన్నటి మనిషి, చూపు మాత్రం చురుగ్గా ఉంది. పెద్దకొడుకు స్తంభాన్ని ఆనుకుని నిలబడి నావైపు ఆశగా చూస్తున్నాడు. ఆవిడ అతని వైపు తలెత్తకుండానే, "నువ్వెల్లి పసువులకి గడ్డెయ్యి," అంది. అతను కదిలాడు. నేను ఆవిడ ముందు కింద కూచున్నాను.

"పెరట్లో దాంతో శానా సేపు మాటాడినావు తల్లీ," అంది.

"ఆడవాళ్ల ప్రశ్నలమ్మా. కాస్త ఎక్కువుంటాయి."

"పొద్దున మా పెద్దోడితో అన్నావు, అది మా తప్పని మా యమ్మతో సెప్తానని. నాను విన్నాను. ఇప్పుడు సెప్పు. మీ కంపూటర్లో నా కొడుకు ఉన్నాడా, నేడా?"

నోరు తెరిచాను. ఎంత చిన్న మాట! మా పొరపాటమ్మా, అంతే. అంటే అయిపోతుంది. ఆవిడ కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలు అక్కడ వింటోందని తెలుస్తోంది.

"అది చెప్పకూడదమ్మా," అన్నాను.

మినుముల మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"పొద్దున సెప్పొచ్చు, ఇప్పుడు సెప్పకూడదా?"

అబద్ధం చెప్పకుండా తప్పించుకున్నాననుకున్నాను గానీ, నోరు మూసుకోవడంతోనే అంతా చెప్పేశానని ఆ ప్రశ్న వినేదాకా తెలియలేదు. భయమేసింది. లేచి వెళ్లిపోవాలని ఉంది, లేవలేను.

ఆవిడ నన్ను చూడటం మానేసి వంటింటి తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ మొహంలో ముందు వెలుగు వచ్చింది. అది నేను అబద్ధమాడకుండా చెప్పగలను, నిజంగా వెలుగే. కొడుకు ఉన్నాడు. ఆ తర్వాత ఆ వెలుగు మెల్లగా పోయింది. ఉంటే ఇన్నేళ్లూ ఎందుకు రాలేదన్న ప్రశ్న దాని వెనకే వచ్చుంటుంది.

"ఒంట్లో బాగున్నాడా?" అంది, నాకు మాత్రమే వినిపించేలా.

నేను తల దించుకున్నాను.

"సెప్పొద్దులే. మాటిచ్చుంటావు." మళ్లీ మినుములు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి తనలో తనే అన్నట్టుగా, "మిసను కొన్న ఏడు నించే అది ఆడి మాట ఎత్తడం మానీసింది. నాను మర్సిపోనాదనుకున్నాను. తిట్టినాను కూడా. మొగుడంటే బెంగ నేదేటే నీకు, అని శానాసార్లు తిట్టినాను," అంది.

వంటింట్లో నుంచి ఇప్పటికీ చప్పుడు లేదు. ఈ మాటలు అక్కడికి వినిపించే అవకాశం లేదు, అంత చిన్నగా మాట్లాడుతోంది.

"నువ్వు ఇంక నన్ను అడగాల కదా," అంది. "మీవోల్లు ఎప్పుడూ అడుగుతారు. అడుగు."

అడగాలని లేదు. ఆవిడ చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, అడుగు అన్నట్టు కూచుంది. టాబ్ తెరిచాను. మీ చిన్నబ్బాయి ఉన్నాడా అని మాత్రం అడగలేదు.

"మీ చిన్నబ్బాయి ఈ ఇంట్లో ఉంటున్నాడా అమ్మా?"

"నేడు."

"ఏమయ్యాడు?"

"పోనాడు. రాసుకో."

రాసుకోవడానికి టాబ్ ఒప్పుకోదు. పోవడమంటే వలస పోవడమా, చనిపోవడమా అని అడుగుతుంది. రెండు గళ్లు, ఒకటి నొక్కాలి. ఈ ప్రశ్నలు తయారుచేసినవాళ్లకు పోయాడు అనే మాట ఒకటుందని తెలియదు. ఏ పోవడమమ్మా అని ఆ తల్లిని అడగమంటారా? నేను అడగలేదు. అడగలేనని కాదు, అడగనని. ఇంట్లో లేరు అన్నంతవరకు ఎక్కించి, మిగతాది ఖాళీగా వదిలేశాను.

ఆవిడ అక్కణ్ణుంచే కేకేసింది. "ఒరే, పెద్దోడా! రేపు కానీరా."

పెద్దకొడుకు పశువుల శాల నుంచి పరుగున వచ్చాడు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు. నేనే చెప్పి ఒప్పించాననుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రేపు తప్పకుండా రావాలన్నాడు. ఎలాగూ ఆ ఊళ్లో నాకు ఇంకా ఇళ్లు మిగిలాయి.

బస్సులో ఉండగా సారు మళ్లీ ఫోన్ చేశారు. ఇంట్లో లేడని ఎక్కించాను, కారణం ఖాళీ అన్నాను.

"పర్లేదు మేడం, ఆ వయసు, ఆ జిల్లా చూసి కారణం కంప్యూటరే..."

"నింపకండి," అన్నాను. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. "మూడోరకం సారూ. మీరే చెప్పారు. నింపొద్దు."

ఆయన ఎందుకని అడక్కుండా సరే అన్నారు. ఆ ఒక్కపనికి ఆయన మీద కోపం సగం తగ్గింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వంశధారలో నీళ్లు ఎక్కడో మధ్యలో సన్నగా పారుతున్నాయి, ఇటంతా ఇసకే. మామూలుగా దహనానికి ఆడవాళ్లు రారు. ఈ తంతులో దహనమూ, ఆ పైన జరగాల్సినవీ ఒకే పూట కానిచ్చేస్తున్నారు కాబట్టి వాళ్లూ ఏటికి వచ్చారు. కట్టెల మీద ఆ బొమ్మను పడుకోబెట్టారు. మనిషంత పొడుగు కట్టి తెల్లగుడ్డ కప్పారు. తల్లి ముందుకు వచ్చి దాని మీద చెయ్యి వేసింది. వేసి, తియ్యడానికి చాలాసేపు పట్టింది. పెద్దకొడుకు ఏడుస్తూ నిప్పు పెట్టాడు.

కోడలు ఆడవాళ్ల మధ్య నిలబడి ఉంది. కొత్తచీర, తలలో పూలు, మోచేతుల దాకా గాజులు. ఆఖరిసారి అలా ముస్తాబు చేస్తారు. ఆమె కళ్లలో చుక్క నీరు లేదు. నిప్పు వైపు సూటిగా చూస్తోంది. నాకేమో ఎవరైనా ఒక్క మాట అంటే, ఎవరి ఫోనైనా మోగితే అని పిచ్చిపిచ్చిగా అనిపిస్తోంది.

గడ్డి తొందరగా కాలిపోతుంది. మంట తగ్గుముఖం పట్టగానే, వాళ్ల కుటుంబంలో భర్త పోయిన ఇద్దరు పెద్ద ఆడవాళ్లు కోడలి దగ్గరకు వచ్చారు. ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని గాజుల మీదకు రాయి ఎత్తింది. ఇంకొకావిడ బొట్టు తుడవడానికి తడిగుడ్డ తీసింది. ఆమె కళ్లు మూసుకుంది.

"దాన్ని ముట్టుకోకండి!"

అరిచింది తల్లి. అంత సన్నటి మనిషిలో అంత గొంతు ఎక్కడ దాగుందో. ఇసకలో తడబడుతూ వచ్చి, ఆ రాయిని ఆవిడ చేతిలోంచి లాక్కుని ఏట్లోకి విసిరేసింది. కోడలి ముందు అడ్డంగా నిలబడింది.

"పోనోడు నా కొడుకు. దీనికేటీ పోనేదు."

పంతులుగారు మంత్రం ఆపేశారు. కడుపుకోతతో మతి చెదిరి అంటోందనుకున్నారు అందరూ. ఒకావిడైతే, పాపం ముసల్దానికి తెలీడం నేదు, అని కళ్లొత్తుకుంది. పెద్దకొడుకు అమ్మా అని ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

కోడలు కళ్లు తెరిచింది. ముందు అత్తగారిని చూసింది, తర్వాత నన్ను. చెప్పేశావా అన్న చూపు. నేను లేదని తల అడ్డంగా ఊపాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. అప్పటిదాకా నిటారుగా నిలబడ్డ మనిషి అక్కడే ఇసకలో కూలబడి, అత్తగారి కాళ్లు పట్టుకుని, ఊరంతా వినేలా గొల్లుమంది. నేను కూడా ఏడ్చాను.

ముసలావిడ వంగి, గాజుల చేతిని పట్టుకుని ఆమెను పైకి లేపింది. లేపుతూ కోడలి చెవిలో అన్న మాట, పక్కనే ఉన్న నాకు వినబడింది.

"బతికున్నోడికి ఏడుపెందుకే? పద, ఇంటికి పోదాం."